వానలో మాత్రమే దొరికే చేప

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, నాతో కలిసి పనిచేసిన ఉపాధ్యాయ మిత్రులకు, ఈ బడిలో నాకంటే ముందు చదివిన అన్నగార్లకు, అక్కగార్లకు, నా దగ్గర చదువుకున్న పిల్లలకు నమస్కారం. పిల్లలంటున్నానని అనుకోకండి. మీలో కొందరికి నాకంటే ఎక్కువ జుట్టు నెరిసింది. అయినా నాకు పిల్లలే.

కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం ‘విద్యారంగంలో నా అనుభవాలు’. ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. ముప్పై అయిదేళ్ల అనుభవాలు ఇరవై నిమిషాల్లో చెప్పడం నావల్ల కాదు. అందుకని ఒక్క చేప గురించి చెబుతాను. నవ్వుతున్నారు. ఆ చేప మన కాలువలోదీ కాదు, చెరువులోదీ కాదు, వీడియో గేమ్‌లోది అంటే ఇంకా నవ్వుతారు. నవ్వండి. కానీ చివర్లో సంఘానికి నాదొక విన్నపం ఉంది. అక్కడికి చేరాలంటే నాకు ఈ చేప దారి తప్ప ఇంకో దారి తెలియలేదు.

నేను 2018లో రిటైరయ్యాను. ఆ తర్వాత కొన్నాళ్లకు మోకాలి ఆపరేషన్ చేయించుకొని హైదరాబాదులో మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉన్నాను. మా మనవరాలు అప్పుడు ఏడో తరగతి. బడి నుంచి వచ్చి, పాలు తాగి, హోంవర్కు చేసుకొని, రోజూ ఒక గంట టీవీకి గేమ్ తగిలించి ఆడుకునేది. వాళ్లమ్మ ఒప్పుకున్న గంట అది. నేను వీడియో గేమ్‌లంటే కాల్చుకోవడాలూ, కార్లు గుద్దుకోవడాలూ అనుకున్నాను. తీరా చూస్తే ఆ పిల్ల మొక్కలకు నీళ్లు పోస్తోంది. కోళ్లకు మేత వేస్తోంది. “ఇదేం గేమ్ అమ్మా?” అన్నాను. “వ్యవసాయం తాతయ్యా” అంది.

ఆ గేమ్ పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే కుర్రవాడు కంప్యూటర్ సైన్స్ చదివి, ఉద్యోగం దొరక్క, చేతికి పని అలవాటవుతుందని దీన్ని తయారు చేయడం మొదలుపెట్టాడు. నాలుగున్నర ఏళ్లు పట్టింది. ప్రోగ్రాం, బొమ్మలు, సంగీతం, పాత్రల మాటలు అన్నీ ఒక్కడే చేశాడు. మధ్యలో ఖర్చుల కోసం ఒక నాటకశాలలో ప్రేక్షకులకు సీట్లు చూపించే పని కూడా చేశాడు. 2016 ఫిబ్రవరి 26న విడుదలైంది. ఇప్పటికి 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. దీనికి పెద్దన్న లాంటిది ఇంకోటుంది. జపాన్‌లో 1996లో వచ్చిన హార్వెస్ట్ మూన్. సేద్యం గేమ్‌లకు అదే దారి వేసింది.

కథ చాలా చిన్నది. తాతగారు చనిపోతూ మనవడి చేతిలో ఒక కవరు పెడతాడు. బతుకు బరువైనప్పుడు విప్పి చూడమంటాడు. మనవడు పట్నంలో పెద్ద కంపెనీలో గుమాస్తా పని చేసి చేసి విసిగిపోయి, ఒకరోజు ఆ కవరు విప్పుతాడు. అందులో పల్లెటూళ్లో ఒక బీడు పొలం తాలూకు పత్రం ఉంటుంది. ఆ పొలం బాగుచేసుకోవడమే ఆట. ఏడాదికి నాలుగు ఋతువులు, ఋతువుకు 28 రోజులు. గేమ్‌లో ఒక రోజు ఉదయం ఆరింటికి మొదలై అర్ధరాత్రి దాటాక రెండింటికి ముగుస్తుంది. మన గడియారంలో అది 14 నిమిషాలు. అంటే రోజుకు గంట ఆడితే 26 రోజులకు గేమ్‌లో ఏడాది తిరుగుతుంది. ఈ లెక్క నేనే వేసి చెప్పాను. మనవరాలు సంతోషించి, “నువ్వూ ఒక పొలం పెట్టుకో తాతయ్యా” అని నాకు వేరే పొలం తెరిచి ఇచ్చింది. దానికి మన ఊరి పేరే పెట్టాను.

సేద్యంలో నాకు ఇబ్బంది రాలేదు, ఎందుకంటే అదంతా లెక్కలే. పార్స్‌నిప్ అని ముల్లంగి లాంటి దుంప ఒకటుంది. విత్తనం 20 నాణేలు, నాలుగు రోజుల్లో పంట, అమ్మితే 35. కాలీఫ్లవర్ విత్తనం 80, పన్నెండు రోజులు, అమ్మితే 175. ఏది మేలు? మన తొమ్మిదో తరగతి పిల్లలకు ఇవ్వదగ్గ లెక్క. 80 నాణేలతో ఒక కాలీఫ్లవర్ వేస్తే పన్నెండు రోజులకు 175 వస్తుంది. అదే 80తో నాలుగు పార్స్‌నిప్‌లు వేసి, వచ్చిన 140తో ఏడు వేసి, వచ్చిన 245తో పన్నెండు వేస్తే, మిగిలిన అయిదుతో కలిపి 425 చేతికొస్తుంది. కానీ నేల ఎక్కువ కావాలి, పన్నెండు మొక్కలకు నీళ్లు పోయాలి. చేతిలో డబ్బు తక్కువైతే పార్స్‌నిప్, నేల తక్కువైతే కాలీఫ్లవర్. ఇలా కాగితం మీద వేసుకొని మా మనవరాలి పొలం కంటే ముందు నా పొలం పచ్చబడేలా చేశాను. నాకు గర్వం కూడా వచ్చింది.

ఆ గర్వం గేమ్‌లో రెండో రోజునే పోవాల్సింది. నేను చేపల జోలికి వెళ్లలేదు కాబట్టి కొన్నాళ్లు నిలిచింది.

రెండో రోజున విల్లీ అనే ముసలి జాలరి ఉత్తరం రాస్తాడు. సముద్రపు ఒడ్డుకు వెళితే తన పాత గాలం ఇస్తాడు. ఊళ్లో పాడుబడ్డ సమావేశ మందిరం ఒకటుంది. దాన్ని బాగుచేయాలంటే పంటలతో పాటు చేపలూ తెచ్చి ఇవ్వాలి. అందుకని ఒక వారం తర్వాత గాలం పట్టుకొని ఏటికి వెళ్లాను.

అది ఎలా ఉంటుందో చెబుతాను. గాలం విసిరి ఊరుకోవాలి. చేప కొరకగానే నెత్తి మీద ఒక ఆశ్చర్యార్థకం కనిపిస్తుంది. వెంటనే మీట నొక్కాలి. అప్పుడు పక్కన నిలువుగా ఒక సన్నటి పెట్టె తెరుచుకుంటుంది. అందులో చేప బొమ్మ పైకీ కిందికీ పరుగులు పెడుతుంది. మనకు ఒక ఆకుపచ్చ పట్టీ ఇస్తారు. మీట నొక్కి ఉంచితే పట్టీ పైకి లేస్తుంది, వదిలితే రాయిలా కిందికి పడుతుంది. చేప బొమ్మ ఆ పట్టీ లోపలే ఉండేట్టు చూసుకోవాలి. ఉన్నంతసేపూ పక్కన ఒక గీత నిండుతూ ఉంటుంది, తప్పితే తరుగుతూ ఉంటుంది. నిండితే చేప మనది, తరిగిపోతే చేప ఏటిది.

అంతే. అది చెప్పడానికి నాకు ఒక నిమిషం పట్టింది. చేయడానికి మొదటి సాయంత్రం పదిహేనుసార్లు గాలం వేశాను. ఒక్క చేప పడలేదు. ఒక పాత కళ్లద్దాల జత, ఒక తడిసిన వార్తాపత్రిక పడ్డాయి. చెత్తకు పరుగులుండవు కదా, అది దానంతటదే వస్తుంది.

నాకు సూత్రం తెలుసు. నొక్కితే లేస్తుంది, వదిలితే పడుతుంది. తెలిసిందాన్ని వేళ్లు చేయవు. చేప పైకి పోతుంటే కంగారులో గట్టిగా నొక్కేవాణ్ణి, పట్టీ దాన్ని దాటి నెత్తికెక్కేది. వదిలేస్తే అడుక్కి పడేది. చెవులు వేడెక్కాయి. పక్కన కూర్చున్న పిల్ల ఇప్పుడేమంటుందో అని ఎదురుచూశాను. నేనైతే ఏమనేవాణ్ణో నాకు బాగా తెలుసు. మీకూ తెలుసు. “ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు?” అనేవాణ్ణి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఆ మాట నా నోట విననివాళ్లు చాలా తక్కువ.

ఆ పిల్ల ఆ మాట అనలేదు. “గట్టిగా నొక్కకు తాతయ్యా. ఊరికే తడుతూ ఉండు, చిన్నచిన్నగా” అంది. కాసేపు చూసి, “నీకు ఈ గాలం ఇప్పుడే వద్దు. విల్లీ కొట్లో నేర్చుకునేవాళ్ల గాలం ఉంటుంది, 25 నాణేలు. అది కొనుక్కో” అంది. ఆ గాలానికి ఆకుపచ్చ పట్టీ పెద్దగా ఉంటుంది. కష్టమైన చేపలు దానికి పడవు, తేలికైనవే పడతాయి. చేయి కుదిరాక దాన్ని పక్కన పెట్టేయవచ్చు.

ఆ గాలంతో మర్నాడు నాకు మొదటి చేప పడింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషంతో కాదు. ముప్పై అయిదేళ్లు పాఠం చెప్పాను. ఎప్పుడూ తెలిసినవాడి పక్షానే నిలబడ్డాను. తెలియనివాడి చెవులు ఎలా వేడెక్కుతాయో నాకు అరవై దాటాక, ఏడో తరగతి పిల్ల పక్కన కూర్చుంటే తెలిసింది. నా తరగతిలో నేర్చుకునేవాళ్ల గాలం ఎవరికిచ్చాను? అందరికీ ఒకటే గాలం ఇచ్చాను. చేప పడనివాణ్ణి నిలబెట్టాను.

తర్వాత చేపల కోసం ఒక నోటుపుస్తకం పెట్టాను. నాలుగు గళ్లు గీశాను. ఎక్కడ, ఏ ఋతువులో, ఏ వేళలో, ఎలాంటి వాతావరణంలో. ఆ గేమ్‌లో గొప్ప సంగతి ఇదే. చేప ఊరికే ఏట్లో ఉండదు. నాలుగూ కుదిరితేనే ఉంటుంది. క్యాట్‌ఫిష్ అంటే మన జెల్లల, వాలుగల వర్గం చేప, వాన కురిసే రోజునే ఏట్లో పడుతుంది, అదీ వసంతంలోనూ ఆకులు రాలే కాలంలోనూ. స్టర్జన్ వేసవిలో, శీతాకాలంలో కొండ పక్క సరస్సులో, సాయంత్రం ఏడు లోపల. పఫర్‌ఫిష్ వేసవిలో, ఎండ కాసే రోజున, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా, సముద్రంలో. ఆక్టోపస్ వేసవిలో పొద్దున్నుంచి ఒంటిగంట లోపల. ఒక్కో చేపకు ఒక్కో నడక. కొన్ని మెల్లగా ఊగుతాయి, కొన్ని బాణంలా దూకుతాయి, కొన్ని అడుక్కే లాగుతాయి. గేమ్ లోపల ప్రతి చేపకూ కష్టానికి ఒక అంకె ఉందని మా మనవరాలు చెప్పింది. కార్ప్ చేపకు 15. క్యాట్‌ఫిష్‌కు 75. ఆక్టోపస్‌కు 95. వీటన్నిటి పైన ఒక చేప ఉంది, దానికి 110. నూటికి నూటపది! దాని పేరు లెజెండ్.

ఆ లెజెండ్ వసంతంలో, వాన రోజున, కొండ పక్క సరస్సులో, మునిగి ఉన్న ఒక దుంగ దగ్గర మాత్రమే ఉంటుంది. చేపలు పట్టడంలో పది స్థాయిలున్నాయి. పదో స్థాయికి చేరనివాడి గాలాన్ని అది ముట్టనే ముట్టదు. మామూలుగా ఒక ఆటలో అది ఒక్కసారే పడుతుంది.

నోటుపుస్తకంలో ఆ నాలుగు గళ్లూ నింపుతుంటే నా పెన్ను ఆగిపోయింది. ఈ నాలుగు గళ్లూ నాకు ఇంతకుముందే ఎవరో చెప్పారు. ఈ బడిలోనే చెప్పారు.

1989. తొమ్మిదో తరగతి. పేరు చెప్పను. వెనక బెంచీ కుర్రవాడు. జూన్‌లో బడి తెరిచిన కొత్తలో ఒక సమీకరణం బోర్డు మీద రాసి వాణ్ణి పిలిచాను. చేయలేకపోయాడు. ముందు రోజు బడికి ఎందుకు రాలేదని అడిగాను. “కాలువకి నీళ్లు వదిలారండి. కొత్తనీటికి చేపలు ఎదురెక్కుతాయండి. నిన్న పొద్దున్న లాకుల కింద తప్ప ఇంకెక్కడా దొరకవండి” అన్నాడు. ఎక్కడ, ఎప్పుడు, ఏ వేళ, ఏ నీళ్లు. నాలుగు గళ్లూ చెప్పాడు. తరగతి అంతా నవ్వింది. నేను కూడా నవ్వి, “అయితే చేపలే పట్టుకో, ఇక్కడెందుకు?” అన్నాను.

వాడు నా మాట విన్నాడు. సోమవారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కొన్నాళ్లు చూసి నేనే హాజరు పట్టీలో వాడి పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టాను. ఇంటికి వెళ్లి అడగలేదు. వాళ్ల ఇల్లు బడికి అరమైలు కూడా ఉండదు.

మన గోదావరి వాళ్లకు వానకు దొరికే చేప సంగతి ఒకరు చెప్పాలా? సముద్రపు విలస గోదావరి వరదకు ఎదురీది వస్తే పులస అవుతుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలని మనవాళ్లే అన్నారు. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో మిగిలిన మడుగుల్లో ఏది ఉంటుందో, బురదలో కూడా కొరమీను ఎలా బతుకుతుందో ఆ వాడలో పిల్లలకు పుట్టుకతో తెలుసు. ఆ తెలివిని అమెరికాలో ఒక కుర్రవాడు గేమ్‌లో పెడితే నేను నోటుపుస్తకం కొని మరీ రాసుకున్నాను. మా తరగతిలో ఒక పిల్లవాడు ఊరికే చెబితే నవ్వాను.

మళ్లీ ఆ చేప దగ్గరికి వస్తాను. గేమ్‌లో రెండో ఏడు వసంతం వచ్చేసరికి నాది ఎనిమిదో స్థాయి. తొందరపడి వానలో సరస్సుకు వెళ్లాను. అది నా గాలం వైపు చూడలేదు. సరేనని ఏడాదంతా చేపలు పట్టి పదో స్థాయికి చేరాను. 7,500 నాణేలు పోసి ఇరీడియం గాలం కొన్నాను. ఎర కట్టాను. దానితోపాటు ట్రాప్ బాబర్ అనే బెండు తగిలించాను. చేప పట్టీ దాటినప్పుడు గీత తరిగే వేగాన్ని అది తగ్గిస్తుంది. రోజూ గేమ్‌లో పడుకునే ముందు టీవీలో రేపటి వాతావరణం చూసేవాణ్ణి. మా నాన్నగారు రేడియోలో వాతావరణం వినేవారు. అలా విన్నాను.

మూడో ఏడు వసంతంలో మొదటి వాన రోజున అది కొరికింది. కదలిక చూడగానే తెలిసింది, ఇది వేరే చేప అని. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి, మధ్యలో ఆగి మళ్లీ వెనక్కి. నాలుగు సెకన్లలో పోయింది. ఆ రోజు ఇంకో రెండుసార్లు కొరికింది, రెండుసార్లూ పోయింది. మనవరాల్ని అడిగాను, “ఇక దొరకదా?” అని. “ఎందుకు దొరకదు? పట్టేదాకా ఉంటుంది. పోగొట్టుకుంటే ఎక్కడికీ పోదు, మళ్లీ వాన రావాలంతే” అంది.

ఒక్కసారే పడే చేప. అయినా ఎన్నిసార్లు తప్పిపోయినా మళ్లీ వానకు అక్కడే ఉంటుంది. ఆ మాట నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. ఆ గేమ్‌లో చనిపోయిన తాతగారు మూడో ఏడు మొదట్లో ఆత్మగా వచ్చి, మనవడు పొలం ఎలా చేశాడో చూసి మార్కులు వేస్తాడు. నాలుగు కొవ్వొత్తులు పూర్తి మార్కులు. నాకు మొదటిసారి రెండే వెలిగాయి. ఆయన గద్దె మీద ఒక వజ్రం పెడితే మళ్లీ వచ్చి మళ్లీ మార్కులు వేస్తాడు. ఎన్నిసార్లయినా. తాతగారి మార్కులు కూడా చివరి మార్కులు కావు. మరి నా ఎర్ర గీత?

ఆ వారంలో ఊళ్లో ఉన్న ఒక పాత విద్యార్థికి ఫోన్ చేసి వాడి నంబరు తీసుకున్నాను. రెండు రోజులు ఆ కాగితం జేబులో పెట్టుకొని తిరిగాను. మూడో రోజు చేశాను. పేరు చెప్పగానే, “మాస్టారూ, బాగున్నారాండీ?” అన్నాడు. నేను వాడి గొంతు గుర్తు పట్టలేదు. వాడు నా గొంతు వెంటనే గుర్తు పట్టాడు.

చెరువులు లీజుకు తీసుకొని బొచ్చె, శీలావతి పెంచుతున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పడానికి నోరు రాక, ముందు గేమ్ సంగతి చెప్పాను. ఇట్లా ఒక చేప ఉందిరా, వానలోనే దొరుకుతుంది అన్నాను. వాడు నవ్వలేదు. “అంతేగదండీ మరి. కొత్తనీరు తగిలితేనే చేప కదులుద్ది” అన్నాడు. తర్వాత చెరువులో మేత సంగతి చెప్పాడు. వల వేసి కొన్ని చేపలు తూచి, సగటు కట్టి, చెరువులో మొత్తం బరువు ఎంతుందో అంచనా వేసి, దానికింత శాతమని మేత వేస్తారట. “నీళ్లలో ఉన్నయి కనపడవు కదండీ, లెక్కగట్టుకోవాలి” అన్నాడు.

కనబడని దాన్ని కనబడేవాటి సాయంతో లెక్కగట్టడం. బీజగణితం అంటే ఇంకేమిటి? బోర్డు మీద నేను రాసింది అదే. వాడు గట్టు మీద రోజూ చేస్తున్నదీ అదే. మధ్యలో ఒక గాలం నేను అందించలేకపోయాను.

అప్పుడు చెప్పాను. “ఆ రోజు నేనన్న మాట తప్పురా. నీ ఇంటికి రాకపోవడం ఇంకా పెద్ద తప్పు” అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. “మీరన్నారని కాదులెండి మాస్టారూ. ఇంట్లో కూడా ఇబ్బందిగా ఉండేది” అన్నాడు. నన్ను తప్పించాలనే ఆ మాట అన్నాడని నాకు తెలుసు. కొంత నిజమూ అయి ఉంటుంది. ఎంత నిజమో నేను ఆ రోజుల్లోనే వెళ్లి తెలుసుకోవాల్సింది.

చివర్లో, “స్వర్ణోత్సవానికి వస్తున్నావా?” అని అడిగాను. “నాకు కాగితం రాలేదండి. నేను టెన్త్ దాకా రాలేదు కదా, పూర్వ విద్యార్థిని ఎట్లా అవుతానండీ?” అన్నాడు.

ఇదీ నా విన్నపానికి దారి. మన సంఘం సభ్యుల జాబితా ఎలా తయారైందో మీలో చాలామందికి తెలియదు. పదో తరగతి పరీక్ష ఫలితాల పుస్తకాలు ముందు పెట్టుకొని, పాసైనవాళ్ల పేర్లు ఎత్తి రాసుకున్నాం. ఆ పని చేసిన ముగ్గురిలో నేనొకణ్ణి. అప్పుడు అది సులువుగా తోచింది. ఎవరినీ కావాలని వదల్లేదు. కానీ వదిలేశాం. మధ్యలో మానేసినవాళ్లు, తప్పినవాళ్లు, ఆరేడు తరగతుల్లో పొలం పనికి వెళ్లిపోయినవాళ్లు, పెళ్లి చేసి పంపేసిన ఆడపిల్లలు, వీళ్లంతా మన బడి గుమ్మం తొక్కినవాళ్లు కారా? నిజం చెప్పాలంటే వీళ్లలో చాలామంది ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉన్నారు. బడి ప్రహరీ గోడ పడిపోతే ముందు చూసేది వాళ్లే, దూరాన ఉన్న మనం కాదు.

అందుకని నేను అడిగేది ఒకటే. జాబితాకు ఫలితాల పుస్తకం వద్దు, అడ్మిషన్ రిజిస్టరు తీసుకోండి. ఆఫీసు గదిలో ఇనుప బీరువాలో ఉంది, నేను రిటైరయ్యే నాటికి చెదలు పట్టలేదు. ఒక్కరోజు ఈ బడిలో పేరు రాయించుకున్నా పూర్వ విద్యార్థే అని తీర్మానం చేయండి. ప్రతి బ్యాచి వాళ్లూ తమ తరగతిలో మధ్యలో పోయినవాళ్ల పేర్లు గుర్తు చేసుకొని వెతకండి. రాయడానికి నేను కూర్చుంటాను. మోకాళ్లు బాగున్నాయి, ఇళ్లకు కూడా వెళతాను. ఎర్ర గీతలు కొట్టింది నేను, వాటి కింద పేర్లు చదవడం నాకు బాగానే వచ్చు.

ఇప్పుడు పాఠం చెబుతున్న ఉపాధ్యాయులకు ఉపదేశం చేసేంతవాణ్ణి కాను. ఒక్క సలహా. ఏదైనా మీకు బొత్తిగా చేతకాని పని ఒకటి ఏడాదికొకసారి నేర్చుకోండి. ఈత కావచ్చు, వీణ కావచ్చు, చేప కావచ్చు. మీకంటే చిన్నవాళ్ల దగ్గర నేర్చుకోండి. తర్వాత తరగతికి వెళ్లండి.

ఆ లెజెండ్ ఏమైందని ముందు వరసలో ఎవరో సైగ చేస్తున్నారు. పడింది. మూడో వాన రోజున పడింది. ఇంట్లో ఎవరూ లేరు, మనవరాలు బడిలో ఉంది. అప్పటికి నా వేళ్లకు తడుతూ ఉండడం అలవాటైంది. గీత రెండుసార్లు అడుగంటా తరిగి, మళ్లీ నిండింది. అమ్మితే మామూలుగా 5,000 నాణేలు వస్తాయి. అమ్మలేదు. సాయంత్రం పిల్ల వచ్చేదాకా టీవీ కట్టేయకుండా అలాగే ఉంచి చూపించాను. ఇద్దరం కలిసి దాన్ని గేమ్‌లో మా ఇంటి అక్వేరియంలో వదిలాం. “నాకే ఇంకా పడలేదు తాతయ్యా” అంది. ఇప్పుడు పక్కన కూర్చొని చూసే వంతు నాది. నోరు మూసుకొని కూర్చోవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

మా 1989 కుర్రవాడు ఈ రోజు రాలేదు. నేనొక్కణ్ణి ఫోన్‌లో పిలిస్తే ఎందుకొస్తాడు? పిలవాల్సింది బడి. వచ్చే సమావేశానికి కాగితం మనం పంపుదాం. తేదీ మాత్రం జూన్‌లో కాలువకు నీళ్లు వదిలే రోజున పెట్టకండి. ఆ రోజు వాడికి పనుంటుంది.